ఆసుపత్రిలోకి వెళ్ళే బరువుకూ ముందుగా ఒక దారి ఉండాలి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

విశాఖపట్నంలోని మా పేటలో ఏడాదిన్నరగా ఒక ఐదంతస్తుల ఆసుపత్రి భవనం లేస్తోంది. మా పేటకు ఆసుపత్రి రావడం మా అందరికీ సంతోషమే. అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే కేజీహెచ్ పెద్దాసుపత్రికో, హనుమంతవాక వైపో పరుగెత్తవలసిన వయసులో ఉన్నవాళ్ళం మా వీధిలో చాలామందిమే ఉన్నాం. అందుచేత ఈ లేఖను ఆసుపత్రి మీద ఫిర్యాదుగా తీసుకోవద్దని మొదటే మనవి చేసుకుంటున్నాను. ఆ భవనంలోకి ఇనుము, సిమెంటు, రాయి, యంత్రాలు ఏ దారిన చేరుతున్నాయో, ఎవరి వీపుల మీద, ఎవరి తలల మీద చేరుతున్నాయో ఏడాదిన్నరగా మా మేడ మీది నుంచి చూస్తూ వచ్చాను. చూసినది చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నేను విశాఖపట్నం పోర్టులో సరుకుల ఎత్తుడు దింపుడు పనుల పర్యవేక్షణలో ముప్పైమూడేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఓడ ఆగే బెర్తు మీద మాకు నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: ఎత్తబోయే వస్తువు బరువు తెలియకుండా హుక్కు తగిలించకూడదు. ప్రతి క్రేను మీద, బరువుకు చుట్టే ప్రతి స్లింగు మీద, దానిని హుక్కుకు తగిలించే ప్రతి షాకిల్ మీద అది ఎంత బరువు వరకు మోయగలదో రాసి ఉండేది. టన్ను బరువుకు తగ్గని పెట్టెను ఓడలోకి ఎక్కించే ముందు దాని మీద బరువు స్పష్టంగా రాయాలని 1929లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేయించింది. మన దేశంలో దాని కోసం 1951లో ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చింది. ఆ అంకె చూసే మా టిండాలు, అంటే సరుకు ఎత్తే కలాసీల ముఠా పెద్ద, ఏ స్లింగు వేయాలో, ఎంతమంది కలాసీలను దూరంగా నిలబెట్టాలో నిర్ణయించేవాడు. అదే పెట్టె పోర్టు గేటు దాటి ఊళ్ళోకి వచ్చాక దాని బరువు ఎంతని అడిగే నాథుడు ఉండడని నాకు విశ్రాంతి తీసుకున్నాకే తెలిసింది.

గత వేసవిలో ఒక రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో ఇనుప చువ్వల లోడుతో ఒక పొడవాటి ట్రెయిలర్ మా వీధి మలుపులో ఇరుక్కుపోయింది. పగలు నగరంలో భారీ వాహనాలకు ఆంక్షలు ఉంటాయి కాబట్టి ఇలాంటి లోడ్లన్నీ రాత్రే వస్తాయి. చువ్వ పొడవు 12 మీటర్లు. మా వీధి వెడల్పు, రెండు వైపులా నిలిపి ఉంచిన కార్లు పోగా, నాలుగు మీటర్లకు మించి మిగలదు. ఆ బండి తిరగదని ఒక టేపు పట్టుకుని వచ్చి కొలిచిన ఎవరికైనా ముందురోజే తెలిసేది. అటూ ఇటూ కదిపి, ఒక కరెంటు స్తంభాన్ని రాసుకుని, చివరికి బండి అక్కడే ఆగిపోయింది. కూలీలు వచ్చి చువ్వలను ఒక్కొక్కటిగా లాగి భుజాల మీద మోయడం మొదలుపెట్టారు. ఆ సమయంలో వీధి లోపలి నుంచి ఆయాసంతో ఉన్న ఒక పెద్దాయనను ఆటోలో తీసుకుని వాళ్ళ పిల్లలు బయలుదేరారు. ఆటో ఆ ట్రెయిలర్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వెనక్కి వెళ్ళడానికి రెండో దారి లేదు. చివరకు ఆయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చువ్వలు మోస్తున్న కూలీలే నలుగురు చేతులు వేసి, లారీ పక్కనున్న కాలువ పలకల మీదుగా మెయిన్ రోడ్డుకు మోసుకుపోయారు. ఆయన బతికారు. రోగుల కోసం కడుతున్న భవనానికి వచ్చిన ఇనుమే ఒక రోగికి అడ్డం పడిన ఆ దృశ్యం మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఇనుప చువ్వ బరువు లెక్క తాపీ పని తెలిసిన ప్రతివారికీ నోటికి వచ్చినదే. మిల్లీమీటర్లలో దాని మందాన్ని అదే అంకెతో హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. పెద్ద స్తంభాల్లో వాడే 32 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు ఆరు కిలోలపైన తూగుతుంది. 12 మీటర్ల నిలువు చువ్వ ఒక్కటే సుమారు 76 కిలోలు. దానిని ఇద్దరు భుజాన వేసుకుంటే మధ్యలో వంగి ఊగుతుంది, ఊగినప్పుడల్లా బరువు ఒకసారి ముందువాడి మీదికి, ఒకసారి వెనకవాడి మీదికి మారుతుంది. ఆ రాత్రి కొందరు చెప్పులు లేకుండానే మోశారు. చేతికి గ్లౌజులు ఉన్నవాళ్ళు నాకు కనిపించలేదు.

మరో రోజు పగలు చూసినది కూడా చెప్పాలి. రెండో అంతస్తుకు గ్రానైటు పలకలు ఎక్కిస్తున్నారు. మూడు మీటర్ల పొడవు, మూడడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక ఒక్కటి 145 కిలోలకు తక్కువ ఉండదు. నలుగురు పట్టుకుంటే తలకు 36 కిలోలు అనిపిస్తుంది గానీ, మెట్లు ఎక్కేటప్పుడు అలా సమానంగా పంచుకోదు, కిందివైపు ఉన్న ఇద్దరి మీదే ఎక్కువ పడుతుంది. మెట్లకు ఇంకా రెయిలింగు పెట్టలేదు, పక్కన ఖాళీ. మలుపులో పలకను నిలువుగా తిప్పాల్సి వచ్చినప్పుడు కింది మనిషి గోడకు వీపు ఆనించి, పలక అంచును ఛాతీకి అదుముకుని, పైవాళ్ళు పట్టు మార్చుకునేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆ పలక జారితే అతనికి తప్పుకునే చోటే లేదు.

ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి వచ్చి, సైటు పక్కనే రేకుల పాకల్లో ఉంటూ, తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని తడి కంకర తట్టలు మోసేవాళ్ళే ఎక్కువ. ఒకావిడ నాలుగో అంతస్తుకు ఇసుక మోస్తూ మెట్ల మలుపులో తట్ట దించకుండా గోడకు ఆనుకుని రొప్పుతుంటే, "దించి కాసేపు కూర్చోవమ్మా" అన్నాను. "దించీసినామంటే మళ్ళీ ఎత్తీవోలుండరు బాబూ" అంది. ముప్పైమూడేళ్ళు బరువుల మధ్య బతికిన నాకు ఆ మాట అంతకు ముందు తట్టలేదు. తల మీద బరువును మోసేవాళ్ళు అలసినప్పుడు దించుకోలేరు. ఎత్తడానికి ఇంకొకరి చేయి కావాలి, మెట్ల మధ్యలో ఆ చేయి ఉండదు. మెట్ల మలుపుల్లో భుజమెత్తు అరుగు ఒకటి కట్టి ఉంచితే బరువును దాని మీదికి జరిపి, సేద తీరి, తిరిగి తలకెత్తుకోవచ్చు. కాసిని ఇటుకలు చాలు. పూర్వం మన రాదారుల పక్కన బాటసారులు తలబరువు దించుకోవడానికి రాతి దిమ్మెలు ఉండేవని పెద్దలు చెప్పేవారు.

1996లో భవన నిర్మాణ కార్మికుల కోసం పార్లమెంటు చట్టం చేసింది. దాని కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు యంత్రసాయం లేకుండా ఒక మనిషి మోయదగిన బరువుకు హద్దులు పెట్టాయి: వయసు వచ్చిన మగవారికి 55 కిలోలు, ఆడవారికి 30 కిలోలు. సిమెంటు బస్తా ఒక్కటే 50 కిలోలు. అంటే ఏ ఆడమనిషి తలకైనా సిమెంటు బస్తా ఎత్తిన క్షణానే ఆ హద్దు దాటినట్టు. మా పేటలో రోజూ ఆ హద్దు దాటడం చూశాను. మేస్త్రిని అడిగితే, "వాళ్ళే మోస్తామంటున్నారండీ" అన్నాడు. కూలి బస్తా లెక్కన ఇస్తున్నప్పుడు మోయడానికి ఎవరు కాదంటారు?

ఇక్కడ ఒక సంగతి పాఠకులకు తెలియాలి. ప్రభుత్వ పనుల అంచనాలు చూసినవారికి లీడు, లిఫ్టు అనే మాటలు తెలుసు. సరుకును ఎంత దూరం తేవాలో అది లీడు, ఎంత ఎత్తుకు చేర్చాలో అది లిఫ్టు. రెండింటికీ రేటు ఉంటుంది. అంటే కాగితం మీద బరువును పైకి చేర్చడానికి డబ్బు లెక్క కట్టే ఉంటుంది. ప్రైవేటు పనుల్లో కూడా లేబర్ కాంట్రాక్టు రేటులో ఆ ఖర్చు కలిసే ఉంటుంది. మరి ఆ డబ్బుతో సరుకును పై అంతస్తులకు ఎత్తే మెటీరియల్ హాయిస్టు ఒకటి నిలబెట్టకుండా మనుషుల తలల మీద ఎందుకు మోయిస్తున్నారంటే, అడిగేవాళ్ళు లేకపోవడం తప్ప నాకు వేరే కారణం కనిపించదు. హాయిస్టు పెట్టినచోట కూడా అది మోయగల బరువు ఎంతో బోర్డు ఉండదు, సరుకు కోసం పెట్టినదానిలోనే మనుషులూ ఎక్కేస్తుంటారు.

కూలీల కష్టం ఒక ఎత్తు. భవనం భద్రత మరొక ఎత్తు, దీనిని ఇంజనీర్లు కూడా తేలిగ్గా తీసుకుంటున్నారని నా భయం. ఆసుపత్రి వార్డు స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు బరువుకు, ఆపరేషన్ థియేటరును 300 కిలోలకు, నడవాలను 400 కిలోలకు లెక్కగట్టి డిజైను చేయాలని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. మంచాలు, మనుషులు, బీరువాలు, ట్రాలీలు తిరిగే చోటుకు అది సరిపోతుంది. ఇప్పుడు అదే వార్డులో సిమెంటు బస్తాలు పేర్చారనుకోండి. ఒకదాని మీద ఒకటి పేర్చిన పది బస్తాలు అయిదు క్వింటాళ్ళు. ఒక బస్తా ఆక్రమించే నేల చదరపు మీటరులో మూడో వంతుకు మించదు. అంటే అలాంటి దొంతరలు పక్కపక్కనే పేర్చిన చోట చదరపు మీటరుకు టన్నున్నర బరువు పడుతోంది, స్లాబును లెక్కగట్టిన దానికి ఏడు రెట్లు. ఆ స్లాబు వయసు కూడా చూడాలి. కాంక్రీటు పూర్తి బలాన్ని మనం 28 రోజులకు లెక్కిస్తాం. వారం రోజులకు వచ్చేది అందులో మూడింట రెండు వంతులే. కింద ఆనుగా పెట్టిన సెంట్రింగు విప్పేసి, పైన వానకు తడవకూడదని బస్తాలు, టైల్సు పెట్టెలు, ఇటుకలు ఒకే మూలన కుప్ప పోస్తే ఆ స్లాబు ఆ రోజే కూలకపోవచ్చు. కంటికి కనిపించని పగులు మాత్రం పడవచ్చు. రేపు ఆ పగులు మీదే రోగులు పడుకుంటారు, మన ఉప్పుగాలి తేమ ఆ పగులులోంచే చువ్వను తుప్పు పట్టిస్తుంది.

మామూలు భవనాల్లో లేని బరువులు ఆసుపత్రికి మరికొన్ని వస్తాయి. ఎక్స్‌రే గది తలుపుల్లో సీసపు రేకు ఉంటుంది; రెండు మిల్లీమీటర్ల రేకే చదరపు మీటరుకు 22 కిలోలు దాటుతుంది. క్యాన్సరు రోగులకు రేడియేషన్ ఇచ్చే గది గోడలు కాంక్రీటుతో కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించిన మందంతో కడతారు, ఆ గది నమూనాకు అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదం కావాలి. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల ఎత్తున్న అలాంటి గోడ ఒక్కదానికే 32 ఘనపు మీటర్ల కాంక్రీటు, అంటే 75 టన్నుల పైమాట. ఆరు ఘనపు మీటర్ల మిక్సరు లారీలు వరసగా ఆరు రావాలి. ఒకటి వచ్చాక మరొకటి ఆలస్యమైతే మొదట పోసినది గట్టిపడి, రెండోది దానితో కలవక, మధ్యలో అతుకు మిగులుతుంది. రేడియేషన్‌ను ఆపవలసిన గోడలో అతుకు ఉండకూడదు. ప్లాంటులో కలిపిన కాంక్రీటును రెండు గంటల్లోపు పోసేయాలి. ఎన్‌ఏడీ కూడలి దగ్గరో మద్దిలపాలెం దగ్గరో ట్రాఫిక్‌లో ఆగి, ఆపైన మా వీధి మలుపులో ఆగితే ఆ గంటలు ఎక్కడ మిగులుతాయి? నిండు మిక్సరు లారీ పాతిక టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. మా వీధి కాలువ పలకలు ఇప్పటికే మూడుచోట్ల విరిగాయి.

ఇక ఎంఆర్‌ఐ యంత్రం. దానిలోని అయస్కాంతమే సాధారణంగా నాలుగైదు టన్నులు ఉంటుంది. అది తలుపులో పట్టదు. దాని కోసం ఒక గోడను కట్టకుండా వదిలేసి, యంత్రం లోపలికి వెళ్ళాక కడతారు. రోలర్ల మీద, జాకీల మీద జరిపేటప్పుడు అంత బరువూ నాలుగైదు చిన్న చోట్ల మీదే పడుతుంది, అందుకే అది వెళ్ళే దారంతా కింది అంతస్తులో ఆనుడు కర్రలు పెట్టి, పైన మందపాటి ఇనుప రేకులు పరచాలి. ముందు నుంచి ఆలోచించినవాళ్ళు ఆ దారిని డిజైను కాగితం మీదే గీసుకుంటారు. ఆలోచించనివాళ్ళు యంత్రం వచ్చిన రోజున కట్టిన గోడ పగలగొడతారు.

బరువుకు ముందుగా దారి వేసుకోవడం మనకు చేతకాని పనేమీ కాదు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో ఉధృతిలో, మహారాష్ట్ర ఆసుపత్రుల కోసం దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే ద్రవ ఆక్సిజన్ నింపుకుని బయలుదేరింది. రోడ్డు ట్యాంకర్లను రైలు వ్యాగన్ల మీదికి ఎక్కించి తీసుకువెళ్ళాలి. దారిలో వంతెనలు ఉన్నాయి, పైన కరెంటు తీగలు ఉన్నాయి. రైల్వేవారు ముందుగా ఎత్తులన్నీ లెక్కగట్టి, 3,320 మిల్లీమీటర్ల ఎత్తున్న ట్యాంకరు మాత్రమే పోగలదని తేల్చి, ఆ రకం ట్యాంకర్లనే ఎంచుకున్నారు. అంత తొందరలోనూ కొలతను వదల్లేదు. తీరికగా ఏడాదిన్నర కడుతున్న భవనానికి ఒక మలుపు కొలవలేమా?

మన ఊరి సంగతులు మరికొన్ని ఈ విషయంలో గుర్తుంచుకోవాలి. సముద్రపు గాలికి చెయిన్ పుల్లీలు, ఇనుప తాళ్ళు, షాకిళ్ళు లోపలి నుంచి తుప్పు పడతాయి. పైన గ్రీజు మెరుస్తుంటే తాడు బాగుందనుకుంటారు, లోపలి పోగులు తెగి ఉంటాయి. పోర్టులో అందుకే వాటిని గడువు ప్రకారం పరీక్షించి తీరాలి. 2020 ఆగస్టు 1న మన షిప్‌యార్డులో భారీ క్రేను పరీక్ష సమయంలోనే కూలి పదకొండు మంది ప్రాణాలు పోయాయి. క్రేను దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాలన్నది ఎంత పెద్ద విషయమో ఆ రోజు ఈ నగరమంతా ఏడ్చి తెలుసుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రేకులు కాగితాల్లా ఎగిరిపోవడం మనమందరం చూశాం. అక్టోబరు, నవంబరు నెలల్లో పై అంతస్తుల్లో సెంట్రింగు రేకులు, ప్లైవుడ్డు కట్టకుండా వదిలేస్తే పక్క ఇళ్ళ వాళ్ళకు ప్రాణసంకటం. టవర్ క్రేనును పని ముగిశాక గాలివాటుకు తిరిగేలా వదలాలేగానీ బిగించి ఉంచకూడదన్న సంగతి కూడా అందరు ఆపరేటర్లకూ చెప్పాలి.

అందుచేత మన నగరపాలక సంస్థ జీవీఎంసీ అధికారులను నేను కోరేది ఇది. ఆసుపత్రి భవనానికి అనుమతి కోసం ప్లాను ఇచ్చేటప్పుడే, అందులో పార్కింగు, అగ్నిమాపక బండి తిరిగే ఖాళీ చూపించినట్టే, నిర్మాణ కాలంలో బరువు ఏ దారిన వస్తుందో చూపించే ఒక పటం కూడా జతచేయాలని నియమం పెట్టండి. ఏ వీధిలోంచి ఎంత పొడవు బండి, ఏ వేళల్లో వస్తుంది, ఎక్కడ దించుతారు, పైకి దేనితో ఎక్కిస్తారు, పెద్ద యంత్రం ఏ గోడలోంచి లోపలికి వెళ్తుంది అన్నవి అందులో ఉండాలి. మలుపు తిరగని వీధికి 12 మీటర్ల చువ్వ రాకూడదు. ఊరి బయట యార్డులో కోసి, వంచి, కట్టలు కట్టిన చువ్వలనే చిన్న బండి మీద తెప్పించుకోవచ్చు, చాలాచోట్ల ఆ పని జరుగుతూనే ఉంది. రెండో అంతస్తు స్లాబు పడేలోపు హాయిస్టు నిలబడాలి. ప్రతి అంతస్తు గోడ మీద ఆ స్లాబు చదరపు మీటరుకు ఎంత మోయగలదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి, బస్తాలు పేర్చేవాళ్ళు చదువుకునేటట్టు. అంబులెన్సు దారికి అడ్డంగా ఏ లోడూ దించకూడదు. అగ్నిమాపక బండి కోసం చుట్టూ వదిలిన ఖాళీ స్థలంలోనే ఇప్పుడు ఇసుక, కంకర, చువ్వలు పోస్తున్నారు. పనివాళ్ళు లోపల ఉండగా అగ్గి పుడితే ఆ బండి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదంతా ఖర్చు పెంచుతుందని కాంట్రాక్టర్లు అంటారు. కొంత పెరుగుతుంది, కాదనను. అయితే పగలగొట్టి మళ్ళీ కట్టిన గోడ, పగిలిన గ్రానైటు, గడ్డకట్టి పారబోసిన కాంక్రీటు, కూలీ కాలు విరిగితే ఆగిన పని, ఇవి ఇప్పటికీ ఖర్చులే. లెక్కపుస్తకంలో వేరే పేర్ల కింద ఉన్నాయంతే. నడుము పోయి ఊరికి తిరిగి వెళ్ళిపోయిన మనిషి ఖర్చు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, అది వాళ్ళ ఇంట్లోవాళ్ళు కట్టుకుంటున్నారు.

వచ్చే నెలలో ఆ భవనానికి పెద్ద స్కానింగు యంత్రం రాబోతోందని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. పెట్టె మీద బరువు రాసే ఉంటుంది. ఆ పెట్టె రాకముందే మునిసిపల్ ఇంజనీరు ఒకరు టేపు పట్టుకుని మెయిన్ రోడ్డు నుంచి ఆ గది దాకా నడిచి చూడాలని, ఆ రాత్రి మా వీధిలో ఎవరికైనా ఆసుపత్రి అవసరమైతే ఏ దారిన వెళ్ళాలో ముందురోజే మాకు చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రమ్మంటే ఆ టేపు రెండో కొస పట్టుకోవడానికి నేనూ వస్తాను.

ఇట్లు,
పోర్టు విశ్రాంత ఉద్యోగి,
విశాఖపట్నం.